ఏ ఇంటి పిల్లలకు ఎంత భయం?

ఒకే వయసు, ఒకే కాలేజీ, రోజూ ఎక్కేదీ ఒకే రైలు. అయినా దెబ్బ తగిలే ప్రమాదం మాత్రం పిల్లలందరికీ ఒకేలా ఉండదు. ఆ తేడా ఎక్కడ పుడుతోంది? దాన్ని తగ్గించే దారి ఉందా?

'ఎవరితోనూ గొడవ పెట్టుకోకు. చీకటి పడకముందే ఇంటికొచ్చెయ్‌.'

దుగ్గిరాల స్టేషన్‌లో తెనాలి వైపు పాసింజరు ఎక్కే పిల్లలకు ఇంట్లోవాళ్లు చెప్పి పంపే మాటలు దాదాపు ఇవే. ఇంటర్‌, పాలిటెక్నిక్‌, డిగ్రీ... చదువేదైనా జాగ్రత్త ఒకటే. కానీ ఆ మాట వెనకున్న భయం అన్ని ఇళ్లలోనూ ఒకటి కాదు.

ఊరి మధ్య డాబా ఇంట్లో ఉండే తల్లికి బండి వేగం గురించో, చెడు స్నేహాల గురించో బెంగ. ఊరి చివర పల్లెలో ఉండే తల్లికి ఆ బెంగలన్నీ ఉన్నాయి. వాటి మీద ఇంకొకటి. 'మావాణ్ని ఎవరైనా కులం పేరు పెట్టి తిడితే... వాడు ఊరుకోకపోతే...?' కాలవ గట్టు మీద గుడిసెలో ఉండే యానాది తల్లి సంగతి మరీ వేరు. చుట్టుపక్కల పొలాల్లో మోటారు పోతే ముందుగా ఎవరి పిల్లాడి కోసం వెతుక్కుంటూ వస్తారో ఆమెకు తెలుసు.

పన్నెండు నుంచి పంతొమ్మిదేళ్ల లోపు పిల్లలు ఇంటి కన్నా బయటే ఎక్కువ తిరుగుతారు. బడి, బస్సు, గ్రౌండ్‌, సినిమా, జాతర... ప్రతిచోటా కొత్త ముఖాలే. మాట పడటం ఇష్టముండదు. తిరిగి అనేస్తారు. అందుకే తన్నులాటలూ, వేధింపులూ, దాడులూ ఈ వయసులో ఎక్కువగా ఎదురవుతాయి. అది ఏ దేశంలోనైనా ఉన్నదే. అయితే అదే వయసు పిల్లల్లో కొందరికి ప్రమాదం ఎక్కువగానూ, కొందరికి తక్కువగానూ ఎందుకుంటుంది? పుట్టిన జాతిని బట్టా, కులాన్ని బట్టా, ఉంటున్న వాడను బట్టా?

అమెరికా లెక్క ఏం చెప్పింది?

ఈ ప్రశ్నను అంకెలతో తేల్చుకోవాలని గట్టిగా ప్రయత్నించిన దేశం అమెరికా. అక్కడ 1973 నుంచీ ఒక సర్వే నడుస్తోంది. పోలీసుల దగ్గరున్న కేసులు లెక్కపెట్టి ఊరుకోకుండా, నేరుగా ఇళ్లకే వెళ్లి అడుగుతారు. 'గత ఆరు నెలల్లో మిమ్మల్ని ఎవరైనా కొట్టారా? బెదిరించారా? దోచుకున్నారా?' అని. పన్నెండేళ్లు నిండిన ప్రతి ఒక్కరినీ విడిగా పలకరిస్తారు. ఏటా సుమారు రెండు లక్షల నలభై వేల మంది జవాబులు చెబుతారు. ఏళ్ల తరబడి ఈ సర్వే చెబుతున్న నిజం ఒకటుంది. జరిగిన దాడుల్లో సగానికి పైగా పోలీసుల దాకా వెళ్లనే వెళ్లవు!

అక్కడ నల్లజాతి కుర్రాళ్ల పరిస్థితి మరీ దారుణం. పదిహేను నుంచి ఇరవై నాలుగేళ్ల లోపు నల్లజాతి యువకుల మరణాలకు మొదటి కారణం జబ్బులు కాదు, రోడ్డు ప్రమాదాలూ కాదు. హత్యలు. దశాబ్దాలుగా ఇదే తీరు. 'అది వాళ్ల రక్తంలోనే ఉంది' అని తేల్చేసేవాళ్లు అక్కడా తక్కువేం కాదు.

మిస్సోరీ విశ్వవిద్యాలయంలో నేరశాస్త్రం బోధించే జానెట్‌ లారిట్సెన్‌ అనే ప్రొఫెసరు ఆ మాటను పరీక్షకు పెట్టారు. పన్నెండు నుంచి పదిహేడేళ్ల లోపు పిల్లల మీద జరిగిన దాడుల వివరాలు తీసుకున్నారు. వాటి పక్కనే ఆ పిల్లలు ఎలాంటి ఇంట్లో, ఎలాంటి వాడలో ఉంటున్నారో పెట్టి చూశారు. ఇంట్లో అమ్మానాన్నలిద్దరూ ఉన్నారా? ఆ ఇంటికి వచ్చి ఎన్నాళ్లయింది? చుట్టుపక్కల పేదరికం ఎంత? 2003లో అమెరికా న్యాయశాఖ ప్రచురించిన ఆ నివేదిక సారాంశం ఇదీ: ఇంటి పరిస్థితులూ, వాడ పరిస్థితులూ ఒకేలా ఉన్న పిల్లల్ని పోల్చి చూస్తే జాతుల మధ్య తేడా దాదాపు మాయమైపోయింది. అదే తెల్లజాతి పిల్లాడైనా సరే, అలాంటి ఇంట్లో, అలాంటి వాడలో పెరిగితే ప్రమాదం పెరిగినట్టే. తరచూ ఇళ్లు మారే కుటుంబాల పిల్లలకు కూడా దెబ్బలు తినే అవకాశం ఎక్కువని తేలింది.

తల్లిదండ్రులు గమనించాల్సిన సంగతి ఇక్కడే ఉంది. ప్రమాదం పుట్టుకతో వచ్చిందైతే మనం చేయగలిగింది లేదు. ఇంటి చిరునామాతో వచ్చిందైతే మార్చవచ్చు. వీధిదీపం వేయొచ్చు, బస్సు నడపొచ్చు, కూలికి వెళ్లిన తల్లి తిరిగొచ్చేదాకా పిల్లలకో నీడ చూపించొచ్చు.

చిరునామాలోనే కులం

మరి ఆ మాట మన దగ్గర అలాగే సరిపోతుందా? సగమే సరిపోతుంది.

అమెరికాలో జాతి వేరు, వాడ వేరు అని విడదీసి లెక్క కట్టగలిగారు. మన డెల్టా పల్లెల్లో ఆ రెండిటినీ విడదీయడం అంత తేలిక కాదు. ఊరు అంటే ఒకటి, పల్లె అంటే ఇంకొకటి. మాలపల్లె, మాదిగపల్లె, యానాది కాలనీ... చిరునామా రాస్తేనే కులం తెలిసిపోతుంది. మంచినీళ్ల ట్యాంకు ఎక్కడుంది, శ్మశానానికి దారి ఎటు, బస్సు ఎక్కడ ఆగుతుంది అన్నవన్నీ ఎప్పుడో తాతల నాడు కులాన్ని బట్టి ఏర్పడిన హద్దుల మీదే నడుస్తున్నాయి. పల్లె పిల్లాడు బడికి వెళ్లాలంటే ఊళ్లోంచి వెళ్లాలి. ఊరి పిల్లాడికి పల్లెలోకి వెళ్లాల్సిన పనే ఉండదు. ఈ ఒక్క తేడా చాలు, ఎవరు ఎవరి ఎదుట తల వంచుకుని నడవాలో చెప్పడానికి.

ఇక మిగిలిన సగం ఇంకా చేదుగా ఉంటుంది. అది తెలియాలంటే దుగ్గిరాల నుంచి చీరాల దాకా రైలు పట్టాల వెంబడి ఒకసారి చూసి రావాలి. అరవై డెబ్భై కిలోమీటర్ల దారి. ఈ దారిలో జరిగిన సంగతులు చట్టాలనే మార్చాయి.

పట్టాల వెంట పాఠాలు

తెనాలి దాటగానే వచ్చే స్టేషన్లలో చుండూరు ఒకటి. అప్పుడు గుంటూరు జిల్లా, 2022లో జిల్లాల విభజన తర్వాత బాపట్ల జిల్లా. 1991 జులై 4న ఆ ఊరి సినిమా హాల్లో ఓ దళిత యువకుడి కాలు ముందు సీట్లో కూర్చున్న అగ్రకుల యువకుడికి తగిలింది. అంతే. ఏ ఊళ్లోనైనా 'సారీ'తో పోయే విషయం. అక్కడ పోలేదు. గొడవ ముదిరింది. దళితులను పనుల్లోకి పిలవడం మానేశారు. సాంఘిక బహిష్కరణ మొదలైంది. ఊళ్లో పోలీసులు మకాం వేసి ఉండగానే ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను వెంటాడి చంపారు. కొన్ని శవాలను గోనె సంచుల్లో కుక్కి కాలవలో పడేశారు.

అదే పట్టాల మీద ఇంకా ముందుకెళితే చీరాల. దాని దగ్గరే కారంచేడు. అక్కడ మొదలైంది మంచినీళ్ల దగ్గర. మాదిగపల్లె వాళ్లు తాగే చెరువు దగ్గర గేదెల కుడితి బకెట్లు కడుగుతుంటే ఓ దళిత కుర్రాడు 'ఇవి మేం తాగే నీళ్లు' అన్నాడు. అతన్ని కొట్టబోతే నీళ్లకొచ్చిన ఓ మహిళ అడ్డుపడింది, చేతిలోని బిందె ఎత్తింది. మర్నాడు, 1985 జులై 17న పల్లె మీద దాడి జరిగింది. ఆరుగురు దళితులు చనిపోయారు. ఆడవాళ్ల మీద అత్యాచారాలు జరిగాయి. బాధితులు చీరాల చేరి తలదాచుకున్నారు. దళిత మహాసభ పుట్టింది అప్పుడే. ఇలాంటి ఘటనలన్నీ కలిసే 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి దారితీశాయి. 1990 జనవరి 30 నుంచి అది అమల్లోకి వచ్చింది.

ఈ రెండు చోట్లా గొడవకు నిప్పు ఎక్కడ అంటుకుందో చూడండి. ఒకచోట సినిమా హాల్లో కాలు. ఇంకోచోట చెరువు దగ్గర మాట. రెండూ కుర్రాళ్ల మధ్యే. దొంగతనం లేదు, ఆస్తి తగాదా లేదు. తమ తోటి వయసు వాడి ముందు ఒక దళిత కుర్రాడు మామూలుగా కూర్చున్నాడు, మామూలుగా మాట్లాడాడు. ఆ 'మామూలే' కొందరికి మింగుడు పడలేదు.

చుండూరు దళితుల్లో చాలామంది రైలెక్కి తెనాలి వెళ్లి చదువుకున్నవాళ్లు. ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. ఒకరి పొలం మీదే ఆధారపడి బతకాల్సిన అవసరం తగ్గింది. అప్పట్లో ఆ ఊరికి వెళ్లి పరిశీలించిన హక్కుల సంఘాల వాళ్లు ఈ సంగతి ప్రత్యేకంగా చెప్పారు. అమెరికా నివేదికకూ, మన అనుభవానికీ తేడా ఇక్కడే. అక్కడ పేదరికం పెరిగితే ప్రమాదం పెరుగుతుంది. ఇక్కడ పేదరికం ఎలాగూ ఉంది. దాంట్లోంచి బయటపడి తలెత్తుకున్నా ప్రమాదమే! మంచి చొక్కా వేసుకున్నా, బండి కొన్నా, మీసం మెలేసినా, కులం దాటి ప్రేమించినా దెబ్బ తిన్నవాళ్ల వార్తలు దేశంలో ఏదో మూల నుంచి వస్తూనే ఉన్నాయి. అందుకే 2015లో ఈ చట్టాన్ని సవరించినప్పుడు గుండు కొట్టించడం, మీసం తీయించడం, చెప్పుల దండ వేయడం లాంటివాటిని పేరు పెట్టి మరీ నేరాల జాబితాలో చేర్చారు.

బాపట్లకూ చీరాలకూ మధ్య స్టువర్టుపురం స్టేషన్‌ ఉంది. ఆ ఊరి పిల్లల కష్టం ఇంకో రకం. 1871లో బ్రిటిష్‌ వాళ్లు 'నేరస్థ జాతుల చట్టం' అని ఒకటి తెచ్చారు. కొన్ని తెగల్లో పుట్టిన ప్రతివాడూ పుట్టుకతోనే దొంగ అని రాసేసిన చట్టం! దాని కిందే సాల్వేషన్‌ ఆర్మీ ఆధ్వర్యంలో ఎరుకల కుటుంబాలకు ఇక్కడ సెటిల్‌మెంట్‌ పెట్టారు. 1952లో ఆ చట్టం రద్దయింది. హేమలతా లవణం లాంటివాళ్లు అక్కడే ఏళ్ల తరబడి పనిచేసి ఎందరి జీవితాలనో మార్చారు. కానీ ఊరి పేరుకు అంటిన మచ్చ పోలేదు. సినిమాలు కూడా ఆ పేరును దొంగతనంతో ముడిపెట్టే వాడుకున్నాయి. హాస్టల్లో సెల్‌ఫోను పోతే ముందు ఎవరి పెట్టె వెతుకుతారు? 'మీదే ఊరు?' అన్న ప్రశ్నకు నిజం చెప్పాలా వద్దా అని పదిహేనేళ్ల పిల్లాడు ఆలోచించాల్సి రావడం కూడా ఒక రకం దెబ్బే. రక్షించాల్సిన వాళ్లే అనుమానిస్తుంటే తన మీద దాడి జరిగినా ఆ పిల్లాడు ఎవరికి చెప్పుకుంటాడు?

పాత కథలేనా?

'అదంతా ఎప్పటి మాట! ఇప్పుడు అందరూ కలిసే చదువుకుంటున్నారు కదా' అనిపించవచ్చు. నిజమే. కలిసి చదువుకుంటున్నారు, కలిసి క్రికెట్టు ఆడుతున్నారు. ఒకే బండి మీద ముగ్గురెక్కి తిరుగుతున్నారు. ముప్పై ఏళ్ల కిందటితో పోలిస్తే మారింది చాలానే ఉంది. మారనిదీ ఉంది.

2023 జూన్‌ 16. బాపట్ల జిల్లా చెరుకుపల్లి మండలం. పదో తరగతి చదివే 15 ఏళ్ల బాలుడు పొద్దున్నే ట్యూషన్‌కు బయల్దేరాడు. దారిలో అటకాయించి, పెట్రోలు పోసి నిప్పంటించారు. ఆ గాయాలతోనే చనిపోయాడు. ఇంట్లో ఆడపిల్లను వేధించొద్దని అడ్డుచెప్పడమే ఆ పిల్లాడు చేసిన తప్పని దర్యాప్తులో వెల్లడైంది. అతనిది వెనుకబడిన కులం. ఎస్సీ, ఎస్టీ చట్టం అతనికి వర్తించదు.

అది కులం గొడవా, కాదా అని అప్పట్లో నాయకులు వాదులాడుకున్నారు. ఆ వాదనలో అసలు ప్రశ్న మరుగున పడింది. ఆ పిల్లాడు అడ్డుచెప్పాడంటే వేధింపు అంతకుముందే ఉన్నట్టు. ఆ వేధింపును ఆపాల్సిన పని పదో తరగతి పిల్లాడి మీద ఎందుకు పడింది? ఊళ్లో పెద్దవాళ్లున్నారు, బడి ఉంది, పోలీసు స్టేషన్‌ ఉంది. చెబితే వింటారన్న నమ్మకం ఉంటే పిల్లలు ఒంటరిగా ఎదురు తిరగరు. ఎవరి మాట ఎక్కడ చెల్లుతుందో పిల్లలు పెద్దలకన్నా ముందే కనిపెడతారు.

రెండు పట్టికలు... కలవని గీతలు

మన దేశంలో ఏ కులం పిల్లలకు ఎంత ప్రమాదమో చెప్పే లెక్క ఉందా? జాతీయ నేర రికార్డుల బ్యూరో ఏటా పుస్తకాలు అచ్చువేస్తుంది. 2023లో దేశంలో ఎస్సీలపై 57,789 నేరాలు నమోదయ్యాయి. ఎస్టీలపై 12,960. పిల్లలపై 1,77,335. అన్నీ పెద్ద అంకెలే. కానీ ఎస్సీ, ఎస్టీల పట్టిక వేరు, పిల్లల పట్టిక వేరు. లైంగిక నేరాల్లో పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లను విడిగా చూపిస్తారు. మిగతావాటిలో ఆ రెండు పట్టికలూ కలవవు. పదిహేనేళ్ల దళిత కుర్రాణ్ని చెట్టుకు కట్టేసి కొడితే ఒక పట్టికలో అతని కులం కనిపిస్తుంది కానీ వయసు కనిపించదు. ఇంకోదాంట్లో వయసు కనిపిస్తుంది కానీ కులం కనిపించదు.

పైగా ఇవన్నీ పోలీసుల దాకా వచ్చినవి మాత్రమే. అమెరికాలోలా ఇంటింటికీ వెళ్లి పిల్లల్ని అడిగే సర్వే మన దేశంలో ఏటా జరగదు. 2007లో కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ ఒకసారి ఆ పని చేసింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడారు. ప్రతి ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తిన్నవాళ్లే! లైంగిక వేధింపులకు గురైన పిల్లల్లో చాలామంది ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆ అంకెలు చూసి దేశం ఉలిక్కిపడింది. 2012లో పోక్సో చట్టం వచ్చింది. అంటే, లెక్క తీస్తే కదలిక వస్తుందన్నమాట. లెక్క లేకపోతే? 'మా ఊళ్లో అలాంటివేం లేవండీ' అనేయడం తేలిక.

లండన్‌ నేర్పిన సంగతి

లెక్క ఎలా రాయాలో చెప్పడానికి లండన్‌ కథ ఒకటి పనికొస్తుంది. 1993 ఏప్రిల్‌ 22 రాత్రి. స్టీఫెన్‌ లారెన్స్‌ అనే పద్దెనిమిదేళ్ల నల్లజాతి కుర్రాడు బస్‌స్టాప్‌లో నిలబడ్డాడు. తెల్లజాతి యువకుల గుంపొకటి వచ్చి పొడిచి చంపేసింది. అతను అంతకుముందు వాళ్లను చూసిందీ లేదు, మాట్లాడిందీ లేదు. కేవలం రంగు. పోలీసులు మొదట్లో పట్టించుకోలేదు. అతని అమ్మానాన్నలు వదల్లేదు. 1999లో మాక్‌ఫర్సన్‌ విచారణ సంఘం నివేదిక ఇచ్చింది. లండన్‌ పోలీసు వ్యవస్థలోనే జాతి వివక్ష ఉందని కుండబద్దలు కొట్టింది. హత్య జరిగిన దాదాపు పంతొమ్మిదేళ్లకు, 2012 జనవరిలో ఇద్దరికి శిక్ష పడింది.

ఆ నివేదిక చెప్పిన 70 సూచనల్లో ఒకటి చాలా మామూలుగా కనిపిస్తుంది. ఏదైనా దాడి జాతి వివక్షతో జరిగిందని బాధితుడు గానీ, మరెవరైనా గానీ భావిస్తే చాలు. పోలీసులు దాన్ని అలాగే రాసుకోవాలి. నిజమా కాదా అన్నది తర్వాత దర్యాప్తులో తేలుతుంది. కానీ మొదటి రోజే 'ఇదంతా కుర్రాళ్ల తగాదాలే, నువ్వే ఏదో అనుంటావు' అని కొట్టిపారేయకూడదు.

'కుర్రాళ్ల తగాదా!' ఈ మాట మనకు ఎంత పరిచయమో కదూ. బడిలో, పంచాయతీలో, స్టేషన్లో ఎన్నిసార్లు విన్నాం! తగాదా నిజంగా కుర్రాళ్లదే కావచ్చు. కాదో అవునో తేల్చాలంటే ముందు కాగితం మీదికి రావాలి.

చెప్పినందుకే దెబ్బ తింటే?

చెప్పమని పిల్లలకు చెప్పడం తేలికే. చెప్పాక ఏమవుతుందో కూడా చూడాలి.

తమిళనాడులోని తిరునెల్వేలి జిల్లా నాంగునేరి. 2023 ఆగస్టు. ప్లస్‌టూ చదివే పదిహేడేళ్ల దళిత విద్యార్థిని తోటి విద్యార్థులే కులం పేరుతో వేధించారు. భరించలేక బడికి వెళ్లడం మానేశాడు. కారణమేంటని ఉపాధ్యాయులు అడిగితే చెప్పాడు. ఆ రాత్రే కొడవళ్లతో ఇంటికొచ్చి నరికారు. అడ్డుపడిన చెల్లెలికీ గాయాలయ్యాయి. ఆసుపత్రి మంచం మీద నుంచి లేచి, తర్వాతి ఏడాది ఆ కుర్రాడు ప్లస్‌టూ మంచి మార్కులతో పాసయ్యాడు.

ఆ ఘటన తర్వాత తమిళనాడు ప్రభుత్వం జస్టిస్‌ కె.చంద్రుతో ఏకసభ్య కమిటీ వేసింది. 2024 జూన్‌లో ఆయన నివేదిక ఇచ్చారు. కులాన్ని సూచించే రంగురంగుల చేతి తాళ్లు బడిలో కట్టుకోకూడదు. బడుల పేర్లలో కులం ఉండకూడదు. ఒక ప్రాంతంలో ఎక్కువగా ఉన్న కులానికి చెందిన అధికారులనే అక్కడ ఉన్నత పాఠశాలలకు పెద్దలుగా వేయకూడదు... ఇలా సాగాయి సూచనలు. అన్నీ ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఒక విషయం మాత్రం ఆలోచించాల్సిందే. ఫిర్యాదు అందిన క్షణం నుంచి ఆ పిల్లాడి రక్షణ బడి బాధ్యత. ఫిర్యాదు ఎవరు చేశారో సాయంత్రానికి ఊరంతా తెలిసిపోతే ఇక ఏ పిల్లాడూ నోరు విప్పడు.

ఆలస్యం కూడా అలాంటిదే. చుండూరు కేసు విచారణకు ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007 జులై 31న తీర్పు వచ్చింది. 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు. 1991లో ఆ ఊళ్లో పుట్టిన పిల్లలు అప్పటికి ఇంటర్లో చేరే వయసుకొచ్చారు. 2014 ఏప్రిల్‌ 22న హైకోర్టు అందరినీ నిర్దోషులుగా విడుదల చేసింది. బాధితులు మళ్లీ సుప్రీంకోర్టు మెట్లెక్కారు. చూస్తూ పెరిగిన పిల్లలు వీటన్నిటి నుంచీ ఏం నేర్చుకుని ఉంటారు?

రెండు వైపులా తల్లిదండ్రులే

దెబ్బ తినే పిల్లాడికి అమ్మానాన్నలున్నట్టే కొట్టే పిల్లాడికీ ఉంటారు. వాడు గాల్లోంచి నేర్చుకోడు. భోజనాల దగ్గర పెద్దలు వాడే మాటలు, పాలేరును పిలిచే తీరు, 'వాళ్లతో స్నేహం ఏంట్రా' అన్న విసుపు... అన్నీ చెవిలో పడుతూనే ఉంటాయి. మనవాడు కొట్టి వస్తే 'మగపిల్లాడన్నాక ఆ మాత్రం ఉండాలి' అని నవ్వేసిన ఇల్లు, రేపు కోర్టు వరండాలో కూర్చోవాల్సి రావచ్చు. కొట్టించుకుని వచ్చినప్పుడు 'ఎవడు?' అని అడిగేవాళ్లం, కొట్టి వచ్చినప్పుడు 'ఎందుకు?' అని అడుగుతున్నామా?

ఇటువైపు తల్లిదండ్రులది ఇంకా కష్టమైన పని. 'తలొంచుకుని వెళ్లు' అని చెబితే పిల్లాడి మనసు విరుగుతుంది. 'తిరగబడు' అంటే ప్రాణం మీదికి రావచ్చు. ఈ రెండిటి మధ్యా ఒక దారి ఉంది. 'ఏం జరిగినా ముందు నాకు చెప్పు. నిన్ను తిట్టను. తప్పెవరిదో తర్వాత చూద్దాం' అనడం. ఈ ఒక్క మాట ఇంట్లో ముందే చెప్పి ఉంచితే పిల్లాడు ఒంటరివాడు కాడు. మొదటిసారి వేధింపు జరిగినప్పుడే తెలిస్తే ఆపడం తేలిక. పదోసారికి తెలిస్తే అప్పటికే చేయి దాటిపోతుంది.

ఉపాధ్యాయులు చేయగలిగినవీ పెద్ద ఖర్చుతో కూడినవి కావు. బెంచీల్లో పిల్లల్ని కలిపి కూర్చోబెట్టడం, హాజరు తగ్గిన పిల్లాడి ఇంటికి ఒకసారి వెళ్లి రావడం, ఉపకార వేతనాల పేర్లు పిలిచేటప్పుడు కులం పేరుతో నిలబెట్టకపోవడం. క్లాసులో టీచరు నోటి వెంట వచ్చిన వెటకారం ఒక్కటి చాలు, ఆటస్థలంలో అది రాయిగా మారుతుంది.

ఇవి తెలిసి ఉండాలి

* ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098, అత్యవసర సాయానికి 112 నంబర్లకు ఫోను చేయవచ్చు. ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల ఫిర్యాదులకు 14566. ఉచిత న్యాయ సహాయానికి 15100.

* నేరం ఏ స్టేషన్‌ పరిధిలో జరిగినా దగ్గర్లోని స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వవచ్చు. దాన్నే 'జీరో ఎఫ్‌ఐఆర్‌' అంటారు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో ఇది స్పష్టంగా ఉంది. ఎఫ్‌ఐఆర్‌ ప్రతిని ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి.

* ఎస్సీ, ఎస్టీ చట్టం కింద నమోదైన కేసును డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి దర్యాప్తు చేయాలి. 60 రోజుల్లో ఛార్జిషీటు వేయాలి. ఎస్సీ, ఎస్టీయేతర ప్రభుత్వోద్యోగి ఎవరైనా ఈ చట్టం కింద చేయాల్సిన పనిని కావాలని నిర్లక్ష్యం చేస్తే ఆరు నెలల నుంచి ఏడాది వరకూ జైలు.

* బాధితులకూ, సాక్షులకూ రక్షణ కల్పించాల్సిన బాధ్యతను 2015 సవరణ ప్రభుత్వం మీద పెట్టింది. నేరాన్ని బట్టి 85 వేల నుంచి 8 లక్షల 25 వేల రూపాయల వరకూ పరిహారం ఇవ్వాలని 2016 నిబంధనలు చెబుతున్నాయి.

* బడిలో పిల్లల్ని కొట్టడం, మనసు గాయపడేలా హింసించడం 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం నిషిద్ధం.

చట్టాలు, నంబర్లు అన్నీ దెబ్బ తగిలాక పనికొచ్చేవి. తగలకముందు పనికొచ్చేవి ఇంట్లోనూ, బడిలోనూ, వీధిలోనూ ఉన్నాయి. పల్లె నుంచి బడికి వెళ్లే దారిలో వెలిగే దీపం, ఊళ్లో ఏ కులం పిల్లాడు వచ్చి చెప్పినా కూర్చోబెట్టి వినే ఒక పెద్దాయన, కొట్టి వచ్చిన కొడుకును నిలదీసే ఒక తండ్రి. ఊరికి ఈ మూడూ ఉంటే అక్కడి పిల్లల మధ్య ఆ తేడా తగ్గడం మొదలైనట్టే.